అవ్వ పలకని పేరు

1988 మార్చి 7, సోమవారం

కొత్త డైరీ. పెంబర్ మాస్టారు ఇచ్చారు. మాటలంటే ఇంత పిచ్చి ఉన్న పిల్ల వాటిని ఎక్కడో ఒకచోట దాచుకోవాలి కదా అన్నారు.

ఇవాళ గొప్ప సంగతి జరిగింది. ఏప్రిల్‌లో మా ఊళ్లో ██████ స్మారకం పెడుతున్నారు. ఆ రోజు మైకులో ఆయన గురించి వ్యాసం చదవడానికి స్కూలు మొత్తంలో నన్ను ఎంచుకున్నారు. నన్ను, కోరలీ క్విల్టీని, నది ఒడ్డున ఆదివాసీలకి కట్టిచ్చిన రిజర్వు ఇళ్లలో ఉండే పిల్లని. డీన్ మాకీ మొహం చూడాలి. వాళ్ల తాత స్మారకం కమిటీలో ఉన్నాడు గనక తననే పిలుస్తారనుకున్నాడు.

██████ పేరు లేని చోటు ఈ ఊళ్లో లేదు. మా స్కూలు ██████ హైస్కూల్. తారు రోడ్డు ██████ హైవే. హైవే మీద ██████ మోటెల్. బేకరీలో ██████ స్పెషల్ అని మాంసం కూరి కాల్చే 'పై' ఒకటి కూడా ఉంది, ఉప్పు ఎక్కువ. ఇన్నాళ్లూ ఆ పేరుని ఆ 'పై' అడుగున వేసే కాగితంలాగే చూశాను, తిని పారేసేదానిలాగా. ఇవాళ మాస్టారు ఇచ్చిన పుస్తకం తెరిస్తే ఆ పేరు లోపల ఒక మనిషి ఉన్నాడు.

ఇంటికి పరిగెత్తుకొచ్చి అవ్వకి చెప్పాను. అమ్మ బ్రోకెన్ హిల్ ఆస్పత్రిలో పని చేస్తుంది, నెలకోసారి వస్తుంది. ఇంట్లో ఉండేది నేనూ, అవ్వా, డడ్లీ మామయ్యా. అవ్వ పెనం మీద రొట్టెలు కాలుస్తోంది. అంతా విని, అది మాడుతోంది తిప్పు అంది. అంతే.

మార్చి 8

ఇవాళ్టి మాట: అదృశ్యం. "చనిపోయాడు" అంటే తలుపు పడిపోయినట్టు ఉంటుంది. "అదృశ్యమయ్యాడు" అంటే తలుపు ఇంకా తెరిచే ఉంది.

మార్చి 13, ఆదివారం

పుస్తకం అయిపోయింది.

██████ డెన్మార్క్‌లో ఒక చిన్న చర్చి పాస్టరు కొడుకు. చిన్నప్పుడు చర్చి గంట దగ్గరికి ఎక్కే నిచ్చెన మీంచి పడ్డాడు. అప్పట్నుంచి ఎడమ కాలు ఈడ్చి నడిచేవాడు. అలాంటి మనిషి ఓడెక్కి వచ్చి సిడ్నీలో దిగాడు. 1848లో తూర్పు సముద్రం ఒడ్డున నిలబడి పడమటి సముద్రం దాకా నడుస్తానన్నాడు. కొద్దిమంది మనుషులు, కంచరగాడిదలు, ఎద్దులు, పిండి బస్తాలు. మధ్యలో ఏముందో ఆయనకి తెలీదు. ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్లెవరికీ తెలీదు. మ్యాపులో అక్కడ తెల్లగా వదిలేశారు. ఆ తెల్లటి చోటులోకి కుంటుకుంటూ నడిచి వెళ్లిపోయాడు.

తర్వాత ఎన్ని జట్లు వెతికాయో. ఒక చెట్టు మీద చెక్కిన ఆయన అక్షరం తప్ప ఏమీ దొరకలేదు. ఒక్క లాడం కూడా.

రోజుకి మూడుసార్లు ఆగి మబ్బుల గురించి రాసుకునేవాడట, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. ఆకలేసినా, దారి తప్పినా. వెళ్లేముందు వాళ్లమ్మకి ఒక ఉత్తరం రాశాడు, ఇక్కడి ఆకాశాన్ని పట్టేంత పెద్ద మాట మన భాషలో లేదమ్మా, వెతుకుతున్నాను అని. ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసి బయటికెళ్లి మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూశాను. రోజూ ఉండే ఆకాశమే. ఇవాళ భయమేసింది.

ఆ పేజీ అవ్వకి చదివి వినిపిద్దామని కూచున్నాను. రెండో వాక్యానికే లేచి టమాటా మొక్కలకి నీళ్లు పొయ్యడానికి వెళ్లింది. అప్పుడే వాన వెలిసింది. మడంతా నీళ్లే.

ఒకటి గమనించాను. అవ్వ ఎప్పుడూ ఆ పేరు అనదు. మోటెల్‌ని ఇటుకల మోటెల్ అంటుంది. హైవేని తారు రోడ్డు అంటుంది. స్కూలుని నీ బడి అంటుంది. ఇన్నాళ్లూ నోరు తిరగదేమో అనుకున్నాను. నోరు తిరక్కపోవడమేంటి, బ్రోకెన్ హిల్‌లో ఉన్న యుగోస్లావియా డాక్టరు పేరు మొత్తం ఊపిరి తీసుకోకుండా చెప్తుంది. ఆలోచిస్తే మామయ్య కూడా అనడు. కౌన్సిల్‌లో పని చేస్తూ, రోజంతా ఆ రోడ్డు మీదే ఉండి కూడా అనడు. అడిగాను. ఎవరి నోరు వాళ్లిష్టం, టీ పెట్టు పిల్లా అన్నాడు.

అంటే మా ఇంట్లో ఆయన్ని ద్వేషిస్తారు. కారణం తెలీక కాదు. ఆయన వెనకాలే గొర్రెలొచ్చాయి, కంచెలొచ్చాయి, పోలీసులొచ్చారు. మా వాళ్లని నది ఒడ్డు నుంచి తరిమారు. కానీ ఆయన చేసిందేముంది? మబ్బులు చూశాడు.

మార్చి 14

పొద్దున్నే అవ్వ టీ తాగకముందే గుమ్మంలోకి వెళ్లి మబ్బుల హాజరు తీసుకుంది. రోజూ ఇంతే. "తూర్పున ఈకలు, పైన ఏం లేదు," అని గట్టిగా చెప్తుంది, ఎవరికో. తర్వాతే టీ. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. చిన్నప్పుడు ప్రతి ఇంట్లో అవ్వలూ ఇలాగే చేస్తారనుకునేదాన్ని.

మార్చి 18, శుక్రవారం

స్మారకం ఎక్కడ పెట్టాలో తేలింది. నది వంపులో తెల్ల ఇసుకదిబ్బ మీద. అక్కణ్నుంచి అటు నదీ ఇటు మైదానమూ కనిపిస్తాయి. కమిటీకి పెద్ద బెవ్ హోల్టన్ గారు. పాత పోస్టాఫీసు నడిపిన ఆవిడ, కౌన్సిలర్ కూడా. ██████ నిలబడి చూసుంటే ఇలాంటి చోటే నిలబడి చూసుంటాడు అందట. నాకూ అదే అనిపించింది. దిబ్బ పైభాగం చదును చెయ్యాలి. చేసేది మా డడ్లీ మామయ్యే, కౌన్సిల్ జేసీబీతో.

భోజనాల దగ్గర ఆ మాట చెప్పింది నేనే, ఉత్సాహంగా. మామయ్య ఫోర్కు కింద పెట్టాడు. అవ్వ చేప తినడం మానేసి నా వైపు కాదు, మామయ్య వైపు చూసింది. మామయ్య ప్లేటు వైపు చూశాడు.

మార్చి 21, సోమవారం

ఇవాళ ఊరంతా మా గురించే.

పొద్దున మామయ్య జేసీబీ స్టార్ట్ చేద్దామని యార్డుకి వెళ్లేసరికి డ్రైవరు సీట్లో అవ్వ కూచుని ఉందట. ఒళ్లో టీ ఫ్లాస్కు, కాళ్లకి ఆదివారం బూట్లు. డెబ్భై ఆరేళ్ల మనిషి అంత ఎత్తు ఎలా ఎక్కిందో ఎవరికీ తెలీదు. మామయ్య బతిమాలాడట, అమ్మా దిగు, కౌన్సిల్ బండి, నా ఉద్యోగం పోతుంది అని. అయితే కౌన్సిల్‌నే వచ్చి దింపమను, కాస్త మెత్తటి చేతులవాళ్లని పంపమను, నాకు గిలిగింతలెక్కువ అందట అవ్వ. యార్డులో మిగతావాళ్లు నవ్వి ఆమెకి బిస్కెట్లు తెచ్చిచ్చారట. మామయ్య పైకి తిట్టాడు గానీ తాళం జేబులోంచి తియ్యలేదు. అది నాకు యార్డు గుమాస్తా చెప్పాడు.

పదింటికి బెవ్ గారు వచ్చింది. అవ్వ అప్పుడు దిగి ఒకటే మాట అందట.

"మా వాళ్లున్నారు అక్కడ, బెవ్. తవ్వకండి."

ఎవరు, ఎప్పుడు, ఎంతమంది అని అడిగితే ఇంకేం చెప్పలేదట. చట్టం ప్రకారం అంత మాట చాలు. పని ఆగిపోయింది. పాత సమాధులు చూసే ప్రభుత్వం మనిషి వచ్చేదాకా దిబ్బ మీద ఎవరూ అడుగు పెట్టకూడదు.

మాతో ఎప్పుడూ అనలేదు, అక్కడ ఎవరో ఉన్నారని. కట్టెల కోసమని ఏడాదికోసారి ఆ దిబ్బకి వెళ్తుంది, అంతే. కట్టెలు మాత్రం ఎప్పుడూ తేలేదు. అది కూడా ఇప్పుడే తట్టింది.

మార్చి 25, శుక్రవారం, సాయంత్రం 5

బేకరీలో నన్ను చూసి మాటలు ఆపేస్తున్నారు. స్కూల్లో ఆపట్లేదు. డీన్ అందరి ముందూ అన్నాడు, నూట నలభై ఏళ్లు ఎవరికీ దొరకని ██████కి పాపం నిలబడ్డానికి ఇంత చోటు దొరికితే క్విల్టీల ఎముకలు అడ్డమొచ్చాయట అని. నవ్వారు. ఇంకొకడు, అవ్వని జేసీబీతో సహా స్మారకంగా పెట్టెయ్యండి అన్నాడు. దానికి నాకే నవ్వొచ్చింది. అందుకు ఇంకా కోపమొచ్చింది.

పెంబర్ మాస్టారు నన్ను పక్కకి పిలిచి, చదవడం ఇష్టం లేకపోతే చెప్పు, తప్పేం కాదు అన్నారు. చదువుతానన్నాను. నా వ్యాసం బాగుంది. నాకు తెలుసు బాగుందని. ప్రతి పేరా ఆయన పేరుతో మొదలై గంట కొట్టినట్టు ఉంటుంది.

ఇంటికొచ్చి అవ్వ మీద అరిచాను. ఎప్పుడూ అరవలేదు. నువ్వు రాకపోయినా సరే, ఒక్కసారైనా ఆయన పేరు వినకూడదా, నీకు ఆయనంటే ఎందుకంత ద్వేషం అన్నాను.

అవ్వ చేతిలో తోముతున్న గిన్నె అలాగే ఉండిపోయింది.

"ద్వేషమా?" అంది. నేను వేరే ఎవరింటి పిల్లనో అన్నట్టు చూసింది. "రేపు పొద్దున్నే లే. బూట్లు వేసుకో, పల్లేరు ముళ్లుంటాయి."

మార్చి 26, శనివారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలీడం లేదు. రాసుకో, కానీ పేరు రాయకు అంది అవ్వ. రాయను. చెప్పింది చెప్పినట్టు రాస్తాను.

ఇంకా ఎండ రాలేదు. మామయ్య దిబ్బ కింద ఆగిపోయాడు, పైకి రాలేదు. అవ్వా నేనూ ఎక్కాం. పైన గాలికి ఒక పక్క ఇసుక జారిపోయింది. ఎండిన కొమ్మలు గుట్టగా పేర్చి ఉన్నాయి, పక్షి గూడు తిరగేసినట్టు. ఏడాదికోసారి అవ్వ చేసే పని ఇదన్నమాట, గాలి తెరిచినదాన్ని కప్పడం. అవ్వ ముందు మా భాషలో ఏదో చెప్పింది, నన్ను చూపించి, ఇది ఎవరి కూతురో ఎవరి మనవరాలో చెప్పింది. తర్వాత రెండు కొమ్మలు పక్కకి జరిపింది.

కింద రెండు తెల్ల గిన్నెలు బోర్లించి ఉన్నాయి. ఒకదాంట్లో ఒకటి.

గిన్నెలు కావు. టోపీలు. వీటి గురించి విన్నాను గానీ చూడలేదు. పాతరోజుల్లో మనిషి పోతే మా ఆడవాళ్లు తల గొరిగించుకుని, తల మీద వల కప్పుకుని, ఎండిన చెరువులో దొరికే తెల్లరాయి కాల్చి తడిపి పొర మీద పొర మెత్తుకునేవాళ్లు. తల ఎత్తలేనంత బరువు. నెలల తరబడి దాంతోనే తిరిగేవాళ్లు, దాంతోనే పడుకునేవాళ్లు. దుఃఖం తీరాక తీసి సమాధి మీద పెట్టేవాళ్లు. ఒక్కొక్కరికి ఒక్క టోపీ.

పై టోపీ పగుళ్లిచ్చింది. కింది దాని అంచున వల ముడుల అచ్చు ఇంకా ఉంది, నిన్న తీసినట్టు. నేను ముట్టుకోలేదు. ఊపిరి కూడా దాని మీదకి పడకుండా పక్కకి వదిలాను.

ఇద్దరు ఆడవాళ్లవా అని అడిగాను. కాదు, ఒక్కామెవే అంది అవ్వ. అప్పుడు కూచుని చెప్పింది.

మా అవ్వకి ఒక అవ్వ. ఆమె నాయనమ్మే ఈ టోపీల ముసలమ్మ. ముసలమ్మకి ఎదిగిన కొడుకు ఉండేవాడు. ముళ్ల గాయం చీము పట్టి చనిపోయాడు. ఎడమ కాలికి. చివరిరోజుల్లో ఈడ్చి నడిచేవాడు. ముసలమ్మ టోపీ పెట్టుకుంది, మొయ్యవలసినన్నాళ్లు మోసింది, తీసి అతని సమాధి మీద పెట్టింది. అతని పేరు అందరూ మూసేశారు. పోయినవాళ్ల పేరు మేం పలకం. పిలిస్తే వాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు, వెళ్లాల్సిన చోటికి వెళ్లలేరు.

రెండు వానాకాలాల తర్వాత ముసలమ్మ నదిలో ఆల్చిప్పలు తీస్తోంది. నది అప్పుడు గుంటలు గుంటలుగా ఎండిపోయింది. పడమటి నుంచి, ఏమీ లేని వైపు నుంచి, ఒకడు నది నడుమ నడిచి వస్తున్నాడు. ఒంటి మీద గుడ్డలు పీలికలు. చర్మం తెల్లగా, పొట్టు లేస్తూ ఉంది. పోయినవాళ్లు తెల్లగా అవుతారని అందరికీ తెలుసు. ముసలమ్మ అతని మొహం చూడలేదు. కాలు చూసింది. ఎడమ కాలు ఈడుస్తున్నాడు.

అవ్వకి చదువు రాదు. నిచ్చెన సంగతి నేను ఆమెకి చదివి వినిపించలేదు, అంతదాకా కూచోనివ్వలేదు కదా.

ముసలమ్మ నీళ్లలో పరిగెత్తి అతన్ని పట్టుకుంది. కొడుకు తిరిగొచ్చాడని అరిచింది. మూసేసిన పేరు తెరిచి ఆ పేరుతో పిలిచింది. నీళ్లు తాగించింది. మర్నాడు నడిచి వెళ్లి, పాత సమాధి మీంచి తన టోపీ తిరిగి తెచ్చేసుకుంది. కొడుకు బతికుంటే టోపీ అక్కడెందుకు?

ఆయనతో పాటు బయల్దేరినవాళ్లు ఏమయ్యారో అవ్వకి తెలీదు. ఒక్కడే వచ్చాడు. చాలా ఏళ్లు ఉన్నాడు, జుట్టు తెల్లబడే దాకా. రోజుకి మూడుసార్లు వెల్లకిలా పడుకుని మబ్బులకి పేర్లు చెప్పేవాడు. పిల్లలు చుట్టూ పడుకుని తిరిగి చెప్పేవాళ్లు. ఆ పిల్లల్లో మా అవ్వ అవ్వ ఒకతి. ఆమెకి ఆయన చిన్నాన్న.

మబ్బుల హాజరు ఎవరికి చెప్తుందో తెలిసింది.

నేను అడగాల్సింది అడిగాను. తను ఆ కొడుకు కాదని ఆయనకి తెలుసు కదా అని.

"తెలీకేం," అంది అవ్వ. "ముసలమ్మకీ తెలిసే ఉంటుంది, కొన్నాళ్లకి. కానీ మన భాషలో ఆయనకి ముందు వచ్చిన మాట అమ్మా అని. ఆ మాటతోనే పిలిచాడట."

మరి ఎందుకు వెళ్లిపోలేదు? కొన్నేళ్లకి గొర్రెలవాళ్లు నది ఒడ్డుకి వచ్చారు కదా.

వచ్చారంది. వాళ్ల పొగ కనిపించింది. ఆయన ఇదే దిబ్బ ఎక్కి నిలబడ్డాడు, ఒక పూటంతా. కింద ముసలమ్మ చేప కాలుస్తూ తల ఎత్తకుండా చూస్తోంది. పొద్దుగూకాక దిగొచ్చి, అమ్మా చేప అయిందా అన్నాడట.

"వెళ్తే ఆమె మళ్లీ టోపీ పెట్టుకోవాలి కదా," అంది అవ్వ. "అందుకని ఉండిపోయాడు. అయినా ఆమె కంటే ముందే పోయాడు. పిచ్చి తండ్రి."

కాబట్టి రెండు టోపీలు. ఒక తల్లివి, ఒక కొడుకు కోసం. మొదటిదీ రెండోదీ ఇక్కడే పెట్టింది. ఆయనకున్న రెండు పేర్లూ మూసేశారు, ముసలమ్మ ఇచ్చినదీ, ఓడలో తెచ్చుకున్నదీ.

ఊరి వైపు చూశాం. పొద్దెక్కుతోంది. ఇటుకల మోటెల్ బోర్డు మెరుస్తోంది.

"రాత్రీ పగలూ కేకలేస్తూనే ఉంటారు," అంది అవ్వ. "బోర్డుల మీద, రోడ్ల మీద, ఆఖరికి తిండి మీద. ఎలా పడుకుంటాడు?"

మార్చి 27

వ్యాసం తీసి చదివాను. ఆయన అని రాయాల్సిన చోటల్లా కేక వేశాను.

మార్చి 29, మంగళవారం

డీన్ మళ్లీ మొదలుపెట్టాడు. నా నోట్లో ఒక్క వాక్యం ఉంది. అది అంటే డీన్ నోరే కాదు, దేశం నోరు మూతపడుతుంది. పేపర్లలో నా ఫోటో వస్తుంది. సిడ్నీ నుంచి, డెన్మార్క్ నుంచి మనుషులొస్తారు. పలుగులు తెస్తారు, బ్రష్షులు తెస్తారు, ముసలమ్మ టోపీలని అద్దాల పెట్టెలో పెడతారు. ఆయన్ని ఇంకో పెట్టెలో.

ఆ వాక్యం నాలుక మీద ఎంత బాగుందో. నాకు వచ్చిన వాక్యాలన్నిట్లోకీ అదే గొప్పది.

డీన్‌తో, నీ షర్టు గుండీలు తప్పు పెట్టావు అన్నాను. నిజంగానే తప్పు పెట్టాడు.

ఏప్రిల్ 5

ప్రభుత్వం మనిషి వచ్చాడు. మెల్లగా మాట్లాడే మనిషి, దిబ్బ ఎక్కే ముందు తన తల మీది టోపీ తీశాడు. ఏదీ కదిలించలేదు. చూసి చాలాసేపు మోకాళ్ల మీద ఉండిపోయాడు. రెండు టోపీలూ ఒకే తలకి కట్టినవిలాగున్నాయి, ఇలాంటిది ఎక్కడా చూడలేదు అన్నాడు. ఎవరిదమ్మా ఇది అని అడిగాడు.

"మా ఇంటి పిల్లాడిది," అంది అవ్వ.

అతను అదే రాసుకుని సంతకం పెట్టాడు. దిబ్బ చుట్టూ కంచె వేస్తారు. స్మారకం హైవే పక్కన, నీళ్ల ట్యాంకు దగ్గర పెడతారు.

ఏప్రిల్ 10, ఆదివారం

బెవ్ గారు ఇంటికొచ్చింది. గొడవ పడ్డానికేమో అనుకున్నాను. కేకు తెచ్చింది. అవ్వతో, నీ మీద నాకు కోపం లేదు, నీ వాళ్లు నీ వాళ్లే, కాస్త దిగులుగా ఉంది అంతే అంది. ఆమెకి పిల్లల్లేరు. మూడేళ్లుగా ఆ స్మారకమే పనిగా తిరిగింది.

టీ తాగుతూ ఒక సంగతి చెప్పింది, పుస్తకంలో లేనిది. డెన్మార్క్ చర్చివాళ్లు ఆమెకి జవాబు రాశారట. ఆయన తల్లి తొంభై దాకా బతికిందట. ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక సముద్రం వైపు ఉన్న తలుపు ముయ్యనిచ్చేది కాదట, చలికాలంలో కూడా. మిగతావాళ్లు కోట్లు కప్పుకుని వణుకుతూ ఊరుకునేవాళ్లట. దిబ్బ మీద ఎందుకు పెడదామనుకున్నానంటే, ఆవిడకి ఓ పువ్వు పెట్టే చోటైనా లేకుండా పోయింది కదా, ఎత్తుగా ఎక్కడైనా ఉంటే బాగుంటుందని అనుకున్నాను అంది బెవ్ గారు. ఏడ్చింది. ముక్కు తుడుచుకుని, ముసలిదాన్నైపోయాను అని నవ్వింది.

నేను చెప్పేసేదాన్నే. పేరు కోసం కాదు, డీన్ కోసం కాదు. ఆ తలుపు కోసం. నోరు తెరిచాను కూడా. అవ్వ నా వైపు చూడలేదు, ఆపలేదు. అదే కష్టం. ఆపి ఉంటే చెప్పేసి ఉండేదాన్నేమో.

అవ్వ బెవ్ గారి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఈ ఊళ్లోనే పుట్టారు, నేను పుట్టాక వాళ్లు ఒకరినొకరు ముట్టుకోగా చూడటం ఇదే మొదటిసారి.

"అతని కోసం ఏడ్చినవాళ్లున్నార్లే, బెవ్," అంది అవ్వ. "బాగా ఏడ్చారు."

బెవ్ గారు తలూపింది. ఓదార్పు మాట అనుకుంది. నేను కేకు ముక్క వైపు చూస్తూ కూచున్నాను. గదిలో ఇద్దరు తల్లులు ఉన్నట్టూ, వాళ్లకి చోటిచ్చి నేను కాస్త జరగాల్సినట్టూ అనిపించింది.

ఏప్రిల్ 20

వ్యాసం మళ్లీ మొదట్నుంచి రాశాను. ఒక మాట కోసం రెండు రోజులు పట్టింది. అబద్ధం కాకూడదు, చెప్పేసినట్టూ కాకూడదు. దొరికింది: "నమ్ముతున్నాను".

ఏప్రిల్ 23, శనివారం

అయిపోయింది.

ఊరంతా వచ్చారు. ఎండ. ట్యాంకు నీడలో కుర్చీలు. అవ్వ వచ్చింది, జేసీబీ ఎక్కిన బూట్లతోనే. ముందు వరసలో కూచుంది. మైకులో ఎవరు ఆ పేరు చదివినా తల వంచింది. వెనకాల ఎవరో, ఎండకి పాపం అన్నారు.

నన్ను పిలిచారు. ఆయన కాలు గురించి చదివాను. మబ్బుల గురించి చదివాను. ఆకాశాన్ని పట్టే మాట కోసం వెతికిన సంగతి చదివాను. ఆయన రాక ముందు కూడా ఆ మ్యాపు తెల్లగా లేదని, అక్కడ ఆల్చిప్పలు తీసే తల్లులు ఉన్నారని చదివాను. మాకీల తాత కుర్చీలో కదిలాడు. చివరి పేరా ఇది:

"ఆయన అదృశ్యమయ్యాడని అంటారు. మన కంటికి అదృశ్యమయ్యాడు. దారి ఆగిన చోట ఆయన్ని ఎవరో ఒకరు చూశారని, పేరు పెట్టి పిలిచారని, నీళ్లిచ్చారని నేను నమ్ముతున్నాను."

చప్పట్లు మామూలుగానే కొట్టారు. బెవ్ గారు మాత్రం కొట్టలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని నా వైపు చూసింది, తర్వాత అవ్వ వైపు, తర్వాత నది వంపు వైపు. అలా చూస్తూ ఉండిపోయింది. తర్వాత రిబ్బను కత్తిరించడానికి ఆమెని పిలిస్తే మైకు దగ్గరికి వెళ్లి, "ఈయన పేరున," అని ఆగి, "ఈయన పేరున," అని మళ్లీ ఆగి, పేరు చెప్పకుండానే కత్తిరించింది.

పెంబర్ మాస్టారు దగ్గరికొచ్చి, మొత్తం వ్యాసంలో ఒక్కసారి కూడా పేరు లేదు కోరలీ, మర్చిపోయావా అన్నారు. లేదు సార్ అన్నాను.

మామయ్య అందరికీ మాంసం 'పై'లు కొనిపెట్టాడు. బేకరీలో వేలు చూపించి, అది, ఉప్పుది అన్నాడు. అవ్వ సగం తిని, ఈ మనిషికి ఇంత ఉప్పేంట్రా, చేపలోనే వేసుకునేవాడు కాదట అంది. మేం ముగ్గురం రోడ్డు మీద నిలబడి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం.

ఏప్రిల్ 24, ఆదివారం

స్కూలు నుంచి నల్ల సిరా తెచ్చాను. మొదటి పేజీ నుంచి వచ్చి, పేరు ఉన్న చోటల్లా పూశాను. కిటికీ తెరిచి ఆరనిచ్చాను. సిరా వెనక ఇక ఏమీ కనిపించడం లేదు.

పొద్దున: తూర్పున ఈకలు. పైన ఏం లేదు.

పడుకో తాతా.